ఎద్దుల వాటాలో పిడికెడు

నయా పైసలు వచ్చిన కొత్తలో, మక్తల్ వైపు ఒక పల్లెలో, నేను మూడు నెలల పిల్లకు తల్లిని. ఆ ఏడు మృగశిర కార్తె వచ్చినా చినుకు పడలేదు. జొన్నల గుమ్మి అడుగు కనిపిస్తున్నదని మా అత్త ఒక పొద్దున కొలతలు మార్చింది. ఎవరెంత తినాలో ఆమె నోటితో చెప్పేది కాదు, పిండి కొలిచే చేతితోనే చెప్పేది. మామకూ మా ఇంటాయనకూ పూటకు రెండేసి రొట్టెలు, అత్తకూ నాకూ చెరొకటి. కుక్కకు వేసే ముక్క అందరికంటే ముందు ఆగిపోయింది. అది మాకంటే తెలివైనది. రెండు రోజులు చూసి వేరే ఇంటికి కాపురం మార్చింది. నాకు ఆ వీలు కూడా లేదు.

తగ్గనిది ఒక్క ఎద్దుల వాటాయే. రోజూ మానెడు ఉలవలు ఉడకబెట్టి, కట్టు చారుకు వంచుకుని, గుగ్గిళ్లు రెండు గంపల్లో పోసి వాటికి పెట్టేవాళ్లం. వాన పడగానే దున్ని విత్తాలి, అప్పుడు ఎద్దు నిలబడకపోతే వచ్చే ఏడు కూడా ఇదే గతి అని మామ అనేవాడు. ఆయన అన్నది తప్పని నేను ఇప్పటికీ అనను. కానీ బిడ్డతల్లి ఒకతె ఆ ఇంట్లో ఉన్నదని ఎవరికీ గుర్తుకు రాకపోవడం నాకు మంటగా ఉండేది. నా పాలు తగ్గిపోతున్నాయి. పిల్ల రెండు గుటకలు వేసి, రొమ్ము వదిలేసి ఏడ్చేది. ఆ ఏడుపు చెవిన పడితే నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి కొట్టంలోకి పిల్లను భుజాన వేసుకుని తిరిగేదాన్ని.

గంపలు కొట్టానికి మోసేది నేనే. ఒకనాడు దారిలో పిడికెడు గుగ్గిళ్లు నోట్లో వేసుకున్నాను. ఉప్పు లేదు, కారం లేదు, వేడికి నాలుక కాలింది. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు రుచే తెలిసింది. మర్నాడు మళ్లీ తిన్నాను. వారం తిరిగేసరికి ఒక పిడికెడు రెండయింది. ఎర్ర ఎద్దు కొమ్ము విసిరేది కాబట్టి ఎప్పుడూ తెల్లదాని గంపలోంచే తీసేదాన్ని. అది నా చేతినే చూస్తూ నిలబడేది, పాపం.

చివరికి వాన పడింది. దుక్కి మొదలైన మూడో రోజు తెల్ల ఎద్దు సాలులోనే కూలబడింది. కాడి విప్పి, నలుగురు కలిసి లేపి, మెల్లగా ఇంటికి తోలుకొచ్చారు. మామ దాని నోరు తెరిచి చూశాడు, చెవులు పట్టి చూశాడు.

"దీనికి కడుపుల ఏదో రోగం పట్టింది. రేపు పొద్దుగాల వాతలు పెట్టిద్దాం," అన్నాడు.

వాతలంటే ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వతో పొట్ట మీద గీతలు గీయడం. దాని రోగమేమిటో నాకు తెలుసు. ఆ సాయంత్రం నీళ్లకు పోయి ఖాళీ కడవతో తిరిగొచ్చాను. పొయ్యి మీద రొట్టె మాడింది. మామ ఎదుట నేను ఏనాడూ నోరు విప్పలేదు, విప్పిన మొదటిసారే దొంగతనం చెప్పుకోవాలా? పుట్టింటికి తోలేస్తే? అక్కడ మాత్రం గుమ్మి నిండుగా ఉన్నదా?

తెల్లారింది. వాతలు పెట్టే ముసలాయన వచ్చి వాకిట్లో పిడకలు రాజేశాడు. చువ్వ ఎర్రబడుతోంది. తలుపు చాటున నిలబడిన అత్త చెయ్యి పట్టుకున్నాను.

"అత్తా, దానికి రోగం లేదు, ఆకలి. దాని గుగ్గిళ్లు దినాం నేనే తింటున్న."

ఆమె నా వైపు చూడలేదు. "ఊకో," అని చెయ్యి విడిపించుకుని వాకిట్లోకి నడిచింది.

"వాతలు వద్దు," అన్నది మామతో. "దానికి తిండి సాల్తలేదు. కట్టు వంచేటప్పుడు దినాం గిన్ని నేనే తీసుకొని తిన్న."

మామ ముసలాయనకు ఆగమని చేత్తో సైగ చేశాడు. ముసలాయన చువ్వ మంటలోంచి తీసి పక్కన పెట్టాడు. ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

లోపలికి రాగానే అడిగాను. "నా తప్పు నీ మీదెందుకు ఏసుకున్నవ్, అత్తా?"

"నీదేం ఏసుకోలేదు పిల్లా. నేను తిన్నది నేను చెప్పిన. నీది చెప్పలే, గంతే."

కుండ దగ్గర ఆమె, దారిలో నేను. పాపం, ఒక ఎద్దు తిండి మీద ఇద్దరం ఆడవాళ్లం పడ్డాం. నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చాను.

ఆనాటి నుంచి ఉలవలు కొలిచేదీ, గంపలు మోసేదీ మామే. ఎద్దు తేరుకుంది, ఆలస్యంగానైనా విత్తనం పడింది. మా పిడికిళ్లు మాత్రం ఆగిపోయాయి. అత్త తన రొట్టెలో సగం విరిచి నా పళ్లెంలో వేసేది. "నాకు ఆకలి లేదు. తిను, పాలు పడాలె," అనేది. ఆమెకు ఎంత ఆకలో ఆ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా నేను ఒక్క పూట కూడా వద్దనలేదు. నా రొట్టె పక్కన పెట్టి, ముందు ఆమె ఇచ్చిన సగమే తినేసేదాన్ని, మళ్లీ తీసుకుంటుందేమోనని.