తేదీని ఊహించనివ్వని మా సారు

మాకు పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్పిన సారు పోయారు. ఆ కబురు మా గచ్చిబౌలి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో, నీళ్ళ ట్యాంకరు ఆలస్యమన్న మెసేజికీ ఎవరిదో పార్కింగు తగాదాకూ మధ్య వచ్చింది. ఆయనకు ఇది నచ్చేదే. తన కోసం ట్యాంకరు ఆగకూడదనే మనిషి.

సారు సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యారు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా అపార్ట్‌మెంటులో ఎవరూ ఈదని ఈతకొలనూ, ఎవరూ చదవని లైబ్రరీ ఉన్నాయి. ఆ లైబ్రరీలోనే మా ముసలివాళ్ళకు ఆయన పాఠం చెప్పేవారు. లిఫ్టులో కిందికి దిగి రావడానికి కూడా బూట్లు తుడుచుకుని వేసుకునేవారు. స్క్రీను మీద ఎర్రర్ వస్తే మేం బిక్కమొహాలు వేసేవాళ్ళం. ఆయన చాయ్ సాసర్లో పోసుకుంటూ, "ఫికర్ జేయకుండ్రి. తెల్వదని ఒప్పుకుంటున్నది. మనుషులు ఒప్పుకుంటరా గిట్ల?" అనేవారు.

నేను రాసిన ప్రోగ్రాం ఒకటుంది. ఆస్పత్రికి వెళ్ళాల్సిన పెద్దవాళ్ళు గ్రూపులో తేదీ, సమయం పంపితే, అది చదివి, ఆ రోజు కారు తోలే వాలంటీరుకు కబురు చేస్తుంది. తేదీలు చదవడానికి పైథాన్‌లో రెడీమేడ్ సాధనం దొరికింది. నెలాఖరు తేదీలు ఇచ్చి చూశాను. అన్నీ సరిగ్గా చదివింది. నా భుజాలు నేనే చరుచుకున్నాను.

"ఇప్పుడు 8/7 ఇయ్యుండ్రి టీచరమ్మా" అన్నారు సారు.

ఇచ్చాను. ఆగస్టు ఏడు అంది. ఆ తేదీ పంపిన బి బ్లాకు మామ్మగారికి డయాలసిస్ ఉన్నది జులై ఎనిమిదిన.

సంగతేమిటంటే, ఆ సాధనం నెలను ముందు చదువుతుంది. అమెరికా అలవాటు. మొదటి అంకె పన్నెండు దాటితే అలాంటి నెల లేదు గనుక, నోరెత్తకుండా దాన్నే రోజుగా తిప్పేసుకుంటుంది. నెలాఖరులో బుద్ధిమంతురాలిలా కనిపించింది అందుకే.

"సరే, రోజే ముందని దానికి చెప్పేస్తాను" అన్నాను.

"మనం రాస్తే రోజే ముందు. కొన్ని దవాఖానల మెసేజీలల్ల నెల ముందుంటది. జనం వాటినే ఇటు గ్రూపులకు తోస్తరు. అప్పుడేం జేస్తరు?"

రెండంకెలూ పన్నెండు లోపలే ఉంటే ఊహించకూడదు, పంపినవాళ్ళనే అడగాలి. అదీ ఆయన తీర్పు.

మా అసోసియేషన్ సెక్రటరీ, అనంతపురం నుంచి వచ్చిన రియల్ ఎస్టేట్ ఆయన, ఒప్పుకోలేదు. "ప్రతిదీ అడిగేటట్లయితే ఇంగ మిషన్ యాల సారూ? జనాలు యాష్టపోతారు."

సారు గొంతు పెంచలేదు. "డయాలసిస్ తప్పితే ఆ అవ్వకు ఊపిరాడదు. అడిగితే మీకు జర విసుగు. ఏది నయమో మీరే చెప్పుండ్రి."



ప్రోగ్రాం అడిగే ప్రశ్నను సారే రెండు వేళ్ళతో టైపు చేశారు. మర్యాదగా పుస్తకాల తెలుగులోకి మారుస్తానంటే వద్దన్నారు. "మిషన్ అడిగితే కసురుకుంటరు. మనిషి అడిగినట్టుంటే చెప్తరు." దాంతో మా ప్రోగ్రాం ఎనభై దాటినవాళ్ళనీ, సెక్రటరీనీ కూడా 'బిడ్డా' అనే పిలుస్తుంది. సెక్రటరీ మొదట్లో మొహం చిట్లించుకున్నారు, ఇప్పుడు బుద్ధిగా జవాబిస్తారు. బి బ్లాకు మామ్మగారికి ఇంతవరకూ కారు తప్పలేదు.

సారు పోయాక, ఆయన కూతురు గ్రూపులో రాసింది: "డాడీ ఆదరణ కూడిక 5/9 సాయంత్రం, హఫీజ్‌పేట్ చర్చిల. బి బ్లాక్ అవ్వ వస్తానంటున్నది, కారు కావాలె."

మనుషులందరికీ అర్థమైంది. ప్రోగ్రాం మాత్రం తనకు నేర్పినట్టే అడిగింది.

"ఫికర్ జేయకు బిడ్డా, జర చెప్పు. సెప్టెంబరు అయిదా, మే తొమ్మిదా?"

ఆ అమ్మాయి పేరు పక్కన 'టైపింగ్' అని వచ్చింది, ఆగింది, మళ్ళీ వచ్చింది.

"సెప్టెంబరు అయిదు, డాడీ."