నాయిన బిగించిన కమాను

మొన్న మా మనవడు మోజుపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కారు, స్టీరింగు తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమంటోందని జనగామలో షెడ్డుకు తీసుకుపోతూ నన్నూ ఎక్కించుకున్నాడు. ఎక్కడానికీ దిగడానికీ నా మోకాళ్లను అష్టకష్టాలు పెట్టే ఆ బండి మీద నాకు మొదటినుంచీ పెద్ద గౌరవం లేదు. మెకానిక్ చక్రం పైభాగం విప్పి, కుదుపును మోసే స్ట్రట్టు కారు బాడీకి కలిసేచోట ఉండే గుండ్రటి మౌంటును తీసి నా చేతిలో పెట్టాడు. ఇనుప పళ్లెం నడుమ రబ్బరు, అది పగిలిపోయింది. “గీ రబ్బరే దెబ్బను మింగుతది అవ్వా. ఇది లేకుంటే ఇనుముకు ఇనుము గుద్దుకొని బాడీయే చీరుకపోతది,” అన్నాడు. నేను ఆ ముక్కను చేతిలో పట్టుకునే అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాను.

తెలంగాణ సాయుధ పోరాటం నాటికి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మా ఊళ్లో మా నాయిన ఎడ్లబండ్ల చక్రాలకు ఇనుప పట్టాలు ఎక్కించే కమ్మరి. దొరకు సరదాగా తోలుకునే రెండు సీట్ల కారు ఒకటుండేది. పోలీసు బండ్లు రాకుండా, దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు తవ్విన బాటల్లో పడి లేచి, దాని ముందు చక్రాల కుదుపును మోసే కమాను చట్రానికి కలిసేచోట ఉన్న రబ్బరు నుజ్జయింది. పట్నం నుంచి సామాను తెప్పించే దారి లేక, వెట్టికి మా నాయిననే పిలిచారు. మావాళ్ల పనితనమంతా బిగింపులోనే ఉండేది, పట్టాను ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్లు పోస్తే అది చక్రాన్ని కరుచుకోవాలి, ఏమాత్రం కదిలినా కమ్మరికి నామోషీ. ఆ అలవాటుతోనే నాయిన ఆ మెత్తటి రబ్బరును పనికిరానిదని పారేసి, దాని చోట ఇనుప కట్టు కాల్చి బిగించాడు. పైసా రాని వెట్టిపనే అయినా ఎంత శ్రద్ధగా చేశాడో! ఇక అది జన్మలో ఊడదని అవ్వతో, అంటే మా అమ్మతో చెప్పి, తృప్తిగా అంబలి తాగాడు.

ఊడలేదు, నిజమే. కట్టు చెక్కుచెదరలేదు, దాన్ని పట్టుకున్న చట్రమే చీలి, కారు వాగు గట్టు మీదినుంచి బోల్తాపడి దొర కొడుకు నడుం విరిగింది. సంఘం చెబితేనే ఈ పని చేశాడని దొర గడి మనుషులు వచ్చి నాయినను అన్నం ముందునుంచి లేపి తీసుకుపోయారు. “నా పెనిమిటి ఎరుక లేక చేసిండు బాంచెన్, కావాలని చెయ్యలే,” అంటూ అవ్వ వాళ్ల కాళ్ల మీద పడింది. నాయిన మళ్లీ రాలేదు. కనీసం శవమైనా మా చేతికి ఇవ్వలేదు.

దొర పట్నానికి పారిపోయాక, సంఘం వాళ్లు ఊళ్లో మీటింగు పెట్టి, దొర కారును విరగ్గొట్టిన వీరుడని నాయినకు జేజేలు కొట్టించారు. ఊరంతా చప్పట్లు కొడుతుంటే అవ్వ నన్ను లాక్కుని ఇంటికొచ్చి పొయ్యి ముందు కూలబడింది. “మీ నాయిన పని చెడగొట్టేటోడు కాదు బిడ్డా,” అని ఏడ్చింది. చంపినవాళ్లూ మొక్కినవాళ్లూ ఒకే మాట చెబుతుంటే, ఆమె మాట ఎవరి చెవికెక్కుతుంది?

ఇప్పుడు పనికి కూలి ఉంది, పని చెడితే మళ్లీ చేసిమ్మంటారు తప్ప మనిషిని ఎత్తుకుపోరు. అది చాలా గొప్ప మార్పు, కాదనను. కానీ ఆ చట్రం ఎందుకు చీలిందో ఒక జీవితకాలం ఆలస్యంగా నాకు తెలిసింది, ఆ సంగతి చెప్పుకుందామంటే అవ్వ లేదు, ఆ తరం వాళ్లెవరూ లేరు. ఊరి అమరవీరుల స్తూపం మీద నాయిన పేరుంది, ఆయన ఎన్నడూ చెయ్యని పనికి ఏటా దండ వేస్తారు. నేనూ పోయాక, ఆయన ఆ కారును బాగుచేయాలనే చూశాడని తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు.