కోడ్‌లో కట్టేసిన బర్రెలు

కిషన్‌బాగ్ పాల బీరయ్య కొడుకు నందు పాలిటెక్నిక్ మధ్యలో వదిలేసినవాడు. ఎందుకని అడిగితే, "నేనేడ వదిలేసిన భాయ్, నాకు చెప్పనీకి ఆడ సార్లే సరిపోలే" అనేవాడు. మొఘల్‌పురాలో ఒక మేడ మీది ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరి తొమ్మిదేళ్లయినా ఆ నోరు తగ్గలేదు. తాను తుమ్మితే గోదావరి మీద వంతెన ఊగుతుందనీ, తుమ్ము ఆపుకుంటున్నాడు కాబట్టే బస్సులు నడుస్తున్నాయనీ చెబితే బహదూర్‌పురా చాయ్ హోటల్లో సగంమంది నమ్మేవాళ్లు. మిగతా సగం చాయ్ ఇప్పించేవాళ్లు.

పని మాత్రం నిజంగానే గట్టిది. వంతెనను లక్ష చిన్న గళ్ల వలగా విడగొట్టి, బరువు పడితే ఏ గడి ఎంత వంగుతుందో లెక్కగట్టాలి. చిన్న గళ్ల మీదే కూర్చుంటే కంప్యూటరుకు రోజులు చాలవు. అందుకని లెక్కలో మిగిలిన తప్పును పెద్ద గళ్ల వలకు దింపి, అక్కడ చులాగ్గా సరిచేసి, ఆ సవరణను మళ్లీ చిన్న గళ్లకు ఎక్కించాలి. ఆ దింపుడూ ఎక్కింపూ రాసింది నందు ఒక్కడే. డిగ్రీ లేనివాణ్ని ఏ పూటైనా పొమ్మంటారని భయపడి, ఇంకెవరికీ అంతుపట్టకుండా ఒక్కో అంకెల పట్టికకు తమ కొట్టంలోని ఒక్కో బర్రె పేరు పెట్టాడు. రాణి, మోతి, గౌరి, లచ్చి... మొత్తం ఇరవై నాలుగు.

2003లో బేగంపేట కంపెనీ ఒకటి అతన్ని పిలిచింది. విజిటింగ్ కార్డు మీద 'ఇంజనీర్' అని వేయిస్తారట. పాత ఆఫీసు రిలీవింగ్ లెటర్ తీసుకుని ముప్పయ్యో తారీకుకల్లా చేరాలి.

యజమాని గోపాలకృష్ణమూర్తి, రిటైరైన ప్రభుత్వ ఇంజనీరు, రిలీవింగ్ లెటర్ టైపు చేయించి సొరుగులో పెట్టారు. "కొత్త వంతెన లెక్క ఇరుక్కుపోయింది కదయ్యా! నువ్వు లేకుండా సాహిత్య దాన్ని కదిలించగలదని తేలనీ, ఈ కాగితం నీది. అంతదాకా నువ్వెక్కడికీ కదలడానికి వీల్లేదు."

సాహిత్య కొత్తగా చేరిన ఎంటెక్ అమ్మాయి. తెరుచుకోని కిటికీ ఉన్న గదిలో ఇద్దరూ వారంరోజులు ఉడికిపోయారు. లెక్కలో తప్పు సగానికి తగ్గి, అక్కడే మొరాయించింది.

"నందుగారూ, లచ్చి అంటే ఏ పట్టిక?"

నందు మెడ గోక్కున్నాడు. ఆ బర్రెలు ఎప్పుడో పోయాయి. ఏ పేరు దేనికి పెట్టాడో పెట్టినవాడికే గుర్తులేదు. "గది... మస్తు లోతైన సంగతమ్మా."

"అంటే మీకూ తెలీదు."

ఇరవై తొమ్మిదో తారీకు పొద్దున, పాలు పితుకుతున్న తండ్రి పక్కన చేరాడు. "బాపు, మన లచ్చి ఎసొంటి బర్రె?"

"వట్టిపోయిన బర్రె గదరా. పాలియ్యకపోయేది, ముల్లుగర్రతో పొడిచినా గుంజకాడికెళ్లి కదలకపోయేది. గిప్పుడేందిరా దాని ఫికర్?"

ఆ మాట ఆఫీసులో ఉన్నదున్నట్టు చెప్పాడు. సాహిత్య పెన్ను కింద పెట్టేసింది.

"కదలనిది! అయితే అది భూమిలో బిగించిన స్తంభాల పాదాల పట్టికండీ. దింపేటప్పుడు పాదాలు కదలకుండా లచ్చిని అడ్డం పెట్టారు, ఎక్కించేటప్పుడు మరిచిపోయారు. కదలకూడని పాదాలను కూడా సవరణ కదిలించేస్తోంది. పాత వంతెనలకి స్తంభాలు తక్కువ కాబట్టి బయటపడలేదు."

కోడ్‌లో ఒక్క వరుస చేర్చింది. తెరమీద తప్పు మెట్లు దిగినట్టు దిగిపోయింది. నందు వేసిన కేకకు మూర్తిగారు లెటర్ చేత్తో పట్టుకునే వచ్చారు.

"దొరికిందా? ఎవరు పట్టుకున్నారు?"

సాహిత్య నందు వైపు చూసింది. అతను అనవలసినవి రెండే మాటలు, 'సాహిత్య పట్టింది'. నాలుక కొసదాకా వచ్చాయి కూడా. వాటిని తొమ్మిదేళ్ల అలవాటు పక్కకు తోసేసింది.

"ఇంకెవలు వడతరు సార్! నిమిషంల వట్టిన! నేను లేకుంటే ఈ కోడ్ ఒక్క దినం నడువది!"

"నేనూ అదే అనుకుంటున్నానయ్యా," అని మూర్తిగారు లెటర్‌ను నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

సాహిత్య కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇంకా ఇరవై మూడున్నాయి నందుగారూ. మోతితో మొదలెడదామా?"