దగ్గు తగ్గాలని సూది

కరోనా తగ్గిన మరుసటి ఏడాది సంగతి. వికారాబాద్‌లో మత్తు మాన్పించే వార్డులో నేను కౌన్సెలింగ్ నర్సును. హెరాయిన్ అంటే మహానగరాల గొడవ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తాండూరు నుంచి, పరిగి నుంచి ఇరవై దాటీ దాటని పిల్లలు మా దగ్గరికి వచ్చేవారు. ఎక్కువమంది హెరాయిన్‌ను కాల్చి పొగ పీల్చేవాళ్లే. వాళ్లను దాన్ని సూదితో ఎక్కించుకునే దాకా పోనివ్వకపోవడమే నా పని. ఆ పని నాకు బాగా వచ్చు.

నవీన్‌ది బషీరాబాద్. తాండూరులో నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో చేసేవాడు. అమ్మ పోరు పడలేక వచ్చాడు. కూర్చున్నప్పటి నుంచి దగ్గుతూనే ఉన్నాడు. సూది వాడతావా అని నేను ముందు అడగను. అడిగితే అందరూ లేదనే అంటారు.

"ఎవరితోని కూసుంటవ్ తమ్మీ?" అన్నాను.

"శీనుతోని. ఇద్దరం ఒక్క మిషిన్ మీదనే చేస్తం. ఆడు ఇప్పుడు సూదికొచ్చిండు." ఏదో శుభవార్త చెప్తున్నట్టు ముఖం పెట్టాడు. "నేను గూడ పొగ బంద్ చేస్తున్న మేడం. రాళ్ల దుమ్ముకు ఛాతి ఖరాబైంది, పొగ మానాలని డాక్టర్ సాబ్ చెప్పిండు. రేపు శీను సూదేస్తనన్నడు."

ఆ డాక్టరు మానమన్నది బీడీ పొగ అనుకొని; హెరాయిన్ సంగతి ఆయనకు తెలియదు. తప్పేం లేదు. వీడు బుద్ధిగా మాట విని సూదికి తయారయ్యాడు. పైగా పక్కనే సూది వేసే దోస్తు. మొదటి సూది చాలాసార్లు అలాంటి చేతితోనే పడుతుంది.

నేను తిట్టలేదు. సూది పంచుకుంటే ఏ జబ్బులు అంటుకుంటాయో, మోతాదు మించితే ఊపిరి ఎలా ఆగిపోతుందో చెప్పాను. పొగా సూదీ రెండూ మానేస్తే వచ్చే ఒళ్లునొప్పులు ఆగేందుకు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఉందన్నాను. దాన్ని సబ్‌స్టిట్యూషన్, అంటే మత్తుకు బదులు మందు, అంటాం. రోజూ వచ్చి మా కళ్లముందే వేసుకోవాలి.

"మరి శీను ఊకుంటడా?"

"ఊకోడు. రేపు ఆయన్ని గూడ తోల్కరా."

మర్నాడు మధ్యాహ్నం దాటినా రాలేదు. పొద్దు వాలుతుండగా ఇద్దరూ గుమ్మంలో నిలబడ్డారు. శీను పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్నాడు.

"సూదెయ్యనీకె పిలిచిండనుకున్న మేడం. గీడికి పట్టుకొచ్చిండు," అన్నాడు.

"మంచి పనే చేసిండు. కూసో," అన్నాను. ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ వారమే ఇద్దరికీ మాత్రలు మొదలయ్యాయి. నవీన్ సూది జోలికి పోలేదు.

ఇప్పుడు ఎవరినైనా ఒకటి మానెయ్యమనే ముందు, దాని బదులు ఏం చేద్దామనుకుంటున్నావని అడుగుతాను. చాలామంది దగ్గర ఆ జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది.