మునగ గింజల తేట నీళ్లు

మా అపార్ట్‌మెంటు కుళాయి తిప్పితే నీళ్లతో పాటు పోర్టు వైపు నుంచి గాలికి వచ్చిన నల్లదుమ్ము కూడా పడుతుంది. చెయ్యి కడిగితే చేతికే మసి అంటుతుంది. మేడ మీది ట్యాంకు కడిగించమని రెండేళ్లు అడిగి, విసుగెత్తి మునగ గింజలు పట్టాను. ఎండుకాయల్లోంచి గింజలు తీసి, పొట్టు వలిచి, దంచి, నీళ్లలో కలిపి, గుడ్డతో వడగట్టి, ఆ పాలు బకెట్టులో పోసి కలియబెట్టేవాణ్ణి. రెండు గంటల్లో మురికి అడుక్కి దిగేది. ఏ రోజు ఎన్ని గింజలు, ఎంతసేపటికి నీళ్లు తేరుకున్నాయి, అన్నీ డైరీలో రాశాను. పదిహేడు రోజులు వరసగా 'తేట' అని ఉంది.

ఆ బకెట్టు మా అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీకి చూపించాను. అదే నా తప్పు.

"అదిరింది మాస్టారూ! ఇంక ట్యాంకు కడగడవేటి? వాచ్‌మన్ వాళ్లకీ నాలుగు గింజలిచ్చీండి," అన్నాడు.

పై అంతస్తుల వాళ్లం తాగేది కొన్న టిన్ను నీళ్లు. కుళాయి నీళ్లు తాగేది కింది గదిలోని వాచ్‌మన్ కుటుంబమొక్కటే. గింజలిచ్చి, దంచడం దగ్గరుండి నేర్పాను.

వారం తిరక్కుండా వాచ్‌మన్ భార్య చెంబుతో మా గుమ్మంలోకి వచ్చింది.

"బాబూ, నీలు తేటగానే ఉన్నాయి గానీ కంపు కొడతన్నాయి. పిల్లకి నిన్నట్నుంచి ఒకటే ఇరేసనాలు."

"ఎన్ని గింజలు వేశావు?" అంటూ డైరీ తెరిచాను.

"మీరు సెప్పినన్నే ఏసినాను. మీరూ ఇయ్యే తాగుతన్నారేటి?"

ఆమె చూపు మా వంటింటి గట్టు మీద ఉంది. అక్కడ కొన్న నీళ్ల టిన్ను స్టాండు మీద బోర్లించి ఉంది.

చెంబు ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లు వాసన కొట్టింది. ఇన్నాళ్లూ కంటితో చూశానే గాని ఒక్కసారి వాసన చూడలేదు, ఒక్క గుక్క తాగలేదు.

చెంబు పట్టుకునే సెక్రటరీని మేడెక్కించాను. ట్యాంకు మూత పగిలి పక్కకు జరిగి ఉంది. అడుగున జానెడు నల్లబురద, అందులో ఈకలూడిన పావురం.

అతను ముక్కు మూసుకుని, "మీ గింజలకి పావురం కూడా అడుక్కి దిగిపోనాదేటి మాస్టారూ," అని నవ్వబోయాడు.

చెంబు అతని చేతికిచ్చాను. "తాగి, తరవాత నవ్వు."

తాగలేదు. మర్నాడే మనుషులొచ్చి ట్యాంకు కడిగారు. పిల్ల ఆసుపత్రిలో రెండు రోజులుండి కోలుకుంది.

డైరీ తీసి పదిహేడు చోట్లా 'తేట' పక్కన 'తాగలేదు' అని చేర్చాను. రాస్తుంటే నా గుండ్రటి దస్తూరీ చూసి నాకే రోత పుట్టింది.