తొంభై దాటితే వణికే కారు, మా సత్తిబాబు గారు

నిన్న పొద్దున చెరువు గట్టు మీద ఉన్నాను. ఫోన్లో సత్తిబాబు గారి పేరు కనబడింది. రేపు ఎన్నింటికి బయల్దేరదాం అని అడగడానికే అనుకుని, హలో కూడా అనకుండా "ఏడింటికండి" అనేశాను.

అవతల ఉన్నది ఆయన బావమరిది.

షాపు షట్టర్ ఎత్తుతూ కూలబడిపోయారట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడులో సరిగ్గా వినలేదేమో అనుకుని మళ్ళీ చెప్పించుకున్నాను. అలాంటి మాట ఆ మనిషి చేత రెండుసార్లు చెప్పించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఈ గ్రూపులో మీలో చాలామందికి సత్తిబాబు గారు తెలియదు. పాలకొల్లులో టైర్ల షాపు ఆయనది. నా ఎర్ర కారు మాత్రం అందరికీ తెలుసు. విడాకులైన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్పోర్ట్స్ కారు. రొయ్యల చెరువులు చేసుకునేవాడికి అదెందుకని మీరు ఇక్కడ వేసిన జోకులన్నీ చదివాను. రెండో సీటు ఎవరికి అని అడిగినవాళ్ళూ ఉన్నారు.

అది మాత్రం గుచ్చుకుంది.

కారు ఇంటికొచ్చిన వారమే మూఢం మొదలైంది. పూజ కాకుండా బయటికి తీయొద్దని అమ్మ పట్టుబట్టింది. ఆ తర్వాత నాకు చెరువుల పని. మొత్తం మూడు నెలలు షెడ్డులో అంగుళం కదలకుండా ఉండిపోయింది.

తీరా పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి హైవే ఎక్కిస్తే, తొంభై దాటగానే స్టీరింగు, సీటు, నా పళ్ళు, అన్నీ వణకడం మొదలు.

రెండుచోట్ల వీల్ బ్యాలెన్సింగ్ చేయించాను. ఏం లాభం లేదు. ఇక నేనే ఇంటర్నెట్‌లో వెతికి, చూడ్డానికి అదిరిపోయే వెడల్పాటి టైర్లు ఎంచుకుని, తెప్పించమని సత్తిబాబు గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన నా ఫోన్ చూడలేదు. కారు చుట్టూ తిరిగి, ఒక్కో టైరునీ అరచేత్తో తడిమారు. కారు ఎన్నాళ్ళు కదలకుండా ఉందని అడిగారు. మూఢం సంగతి చెప్పాను.

"అయితే ఆ మూఢం టైర్లకి తగిలిందండి రాజుగారు," అని నవ్వారు.

మూడు నెలలు బరువంతా ఒకేచోట మోసి టైర్ల అడుగు చదును పడిపోయిందట. నెమ్మదిగా వెళ్తే తెలియదు, స్పీడులో ప్రతి చుట్టుకీ కొడుతుంది. గుండ్రంగా లేని టైరుకి బ్యాలెన్సింగ్ పేరుతో చక్రానికి ఎన్ని సీసం ముక్కలు అతికించినా దండగేనట. నేను ఎంచుకున్నవి ఫొటోలకి బాగుంటాయండి అని పక్కన పెట్టేశారు. కంపెనీ ఇచ్చిన సైజే, ఆ స్పీడుకి తట్టుకునే రకం, నాలుగూ ఒకే వారంలో తయారైనవి తెప్పించారు.

వచ్చాక కూడా నేరుగా బిగించలేదు. ఒక్కోదాన్నీ మెషిన్ మీద తిప్పుతూ, సుద్దముక్కని ఆనీ ఆనకుండా పట్టుకున్నారు. గీత చుట్టూ సమానంగా పడితే సరే. ఒక్కచోటే పడితే అక్కడ ఎత్తు ఉన్నట్టు. అలా రెండు టైర్లు వెనక్కి పంపి వేరేవి తెప్పించారు. నాకు విసుగొచ్చింది. ఆయనకి రాలేదు.

టెస్ట్ డ్రైవ్ ఆదివారం పెట్టుకున్నాం. ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని మరీ కారెక్కారు. మార్టేరు, పెనుగొండ మీదుగా హైవే ఎక్కి సిద్ధాంతం బ్రిడ్జి వైపు వెళ్ళాం. తొంభై దాటింది. వంద తాకింది.

ఏ వణుకూ లేదు.

నాకు సంతోషం కాదు, భయం వేసింది. ఆ కారులో నా పక్కన కూర్చున్న మొదటి మనిషి ఆయన. పని అయిపోతే మళ్ళీ ఎందుకొస్తారు?

"కొంచెం ఉన్నట్టుందండి," అన్నాను.

ఆయన డాష్‌బోర్డు మీద అరచేయి పెట్టి కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి, "ఆయ్, ఉందండి. వచ్చే ఆదివారం ఇంకోసారి చూద్దాం," అన్నారు.

అలా ఏడాదిన్నర గడిచింది.

ప్రతి ఆదివారం అదే రోడ్డు, బ్రిడ్జి దగ్గర టీ, వెనక్కి. ఎక్కువ నేనే వాగేవాణ్ణి. ఇంత తెలిసిన మనిషిని ఎంత తేలిగ్గా నమ్మించేస్తున్నానో అని లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

ఒక ఆదివారం, నాతో విడిపోయిన ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుందని తెలిసింది. బ్రిడ్జి ఇవతల కారు పక్కకి ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన జేబులోంచి గేజి తీసి దిగి, నాలుగు టైర్లలో గాలి చూశారు. అయిపోయాక మళ్ళీ మొదటి టైరు దగ్గరికి వెళ్ళి చూశారు. బయల్దేరే ముందు షాపులో ఆయన చూసిన గాలే అది. నేను ముఖం తుడుచుకున్నాకే వచ్చి కూర్చున్నారు.

"అన్నీ బానే ఉన్నాయండి, పదండి."

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య వెంకటలక్ష్మి గారు నన్ను చూసి కాస్త లేచి కూర్చున్నారు.

"మీ కారు మొదటి వారమే బాగైపోయిందంటండి. రాజుగారికి మాట్లాడే మనిషి లేడు, ఓ రెండు గంటలు వెళ్ళొస్తానే అనేవారండి. ఆదివారం మమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్ళేవారు కాదు."

నిష్ఠూరంగా కాదు, మామూలుగానే చెప్పారు. నేను తలెత్తలేకపోయాను. ఆవిడ ఆదివారాలు ఇన్నాళ్ళూ నేను వాడుకున్నానని నాకు నిన్ననే తెలిసింది.

ఈరోజు ఆదివారం. ఫోన్లో పేర్లన్నీ కింది దాకా చూశాను. ఊరికే ఓ గంట వచ్చి పక్కన కూర్చోండి అని పిలవగలిగే పేరు ఒక్కటీ దొరకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కారు బాగానే ఉందండి, అయినా రండి అని ఒక్కసారి అడగాల్సింది. అడిగినా వచ్చేవారు.

వెళ్ళిరండి సత్తిబాబు గారూ. మీరున్న చోట మీ ప్రాణానికి నిమ్మళంగా ఉండాలి.