ఐదంతస్తుల కింద మగ్గం

కర్నూలు స్టేషను వెయిటింగ్ హాల్లో తిరగని ఫ్యాను, రెండు చీరల మూటలు, వాటికి ఆనుకుని కూర్చున్న ఒక నేత పనామె, నేను. నా ఒళ్లో నేను గీసిన ప్లాను: స్టేషను చుట్టూ ఉన్న వీధులు తీసేసి ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లు.

“దీంట్లో మా నేతోళ్ల వీధి యాడుండాదప్పా?”

ఆ వీధి చోట లేచే బ్లాకు చూపించాను. “మీకు నాలుగో అంతస్తులో ఫ్లాటు ఇస్తారక్కా.”

“మాది గుంటమగ్గం, నేలలో గుంట తీసి కాళ్లు దాండ్లో పెట్టి నేయాల. ఆడ గుంట తవ్వితే మూడో అంతస్తోని నెత్తిన నా కాళ్లాడతాయి” అని నవ్వింది. తర్వాత నేల అంతస్తు మీద వేలు పెట్టింది. “ఈడేముండాది?”

“పార్కింగు.”

“కార్లు ఎండలో ఉండనీ. పదకొండిండ్లోళ్లం ఈడనే నేస్తాం. మామీద ఎన్నంతస్తులైనా ఏసుకోండి.”

రైలొచ్చేదాకా ఆ వేలు తీయలేదు.

నేను చెరిపేసిన పార్కింగు మళ్లీ గీయమని ఆఫీసులో మూడుసార్లు చెప్పారు. నేను గీయలేదు. ప్లానులో నేల అంతస్తు: మగ్గం గుంటలు పదకొండు.